ఇంటికి తగిన కుక్క

కుక్కను ఎన్నుకొనే ముందు ఎన్నవలసినవి ఇంటిలోని గంటలు, గదులు, మనుషులు

కర్ణాటకలోని మండ్య జిల్లాలో ఆతకూరు అనే గ్రామం ఉన్నది. అక్కడ లభించిన పదవ శతాబ్దపు వీరశిల ఒకటి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. దానిమీద ఒక వేటకుక్క, ఒక అడవిపంది తలపడుతున్న దృశ్యం చెక్కబడి ఉన్నది. క్రీ.శ. 949 ప్రాంతంలో తక్కోలం వద్ద రాష్ట్రకూటులకూ చోళులకూ జరిగిన యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడు అనే యోధుణ్ణి గంగరాజు రెండవ బూతుగుడు మెచ్చి, కావలసినది కోరుకొమ్మన్నాడు. ఆ వీరుడు కోరుకొన్నది కాళి అనే వేటకుక్కను. తరువాత ఒకనాడు కాళి పెద్ద పందితో పోరాడి, దానిని చంపి తానూ మరణించింది. దాని స్మృతికి గుడి ముందు రాయి నిలిపి, నిత్యపూజకు భూమిని కూడా కేటాయించారని శాసనం చెబుతున్నది.

వెయ్యేళ్ళ నాటి ఈ కథలో గమనించదగిన విషయం ఒకటి ఉన్నది. కోరినవానికి ఆ కుక్క ఎటువంటిదో తెలుసు. దానితో తనకు గల పని ఏమిటో కూడా తెలుసు. నేడు కుక్కను ఇంటికి తెచ్చుకొనేవారిలో ఎందరికి ఈ రెండూ తెలుసు?

బొమ్మ చూసి తెచ్చుకొన్న కుక్క

మన పట్టణాలలో కుక్కల జాతులు చీరల డిజైన్లవలె వచ్చి పోతున్నాయి. 1994లో విడుదలై, తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చిన హిందీ చిత్రంలో తెల్లని బొచ్చుకుక్క టఫీని చూసి ముచ్చటపడిన ఇళ్ళకు లెక్కలేదు. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో చిన్నపిల్లవాని వెంట తిరిగిన పగ్ కుక్క దేశమంతటా వాడుకలోకి వచ్చింది. ఆ తరువాత విదేశీ టెలివిజన్ ధారావాహికలలోని తోడేళ్ళను చూసినవారు నీలికళ్ళ సైబీరియన్ హస్కీల కోసం వెదకసాగారు.

తెరమీద కుక్క రెండు నిమిషాలు కనబడుతుంది. ఇంటిలో అది పన్నెండు నుండి పదిహేను సంవత్సరాలు ఉంటుంది. ఆ వ్యవధిలో బడికి పోయే పిల్లలు కాలేజీలు ముగించి ఉద్యోగాలకు పోతారు, అద్దె ఇళ్ళు మారుతాయి, పెద్దవారు ముసలివారవుతారు. ముచ్చట ఆరునెలలలో తీరిపోతుంది, కుక్క మిగిలిపోతుంది. అప్పుడు అది డాబా మీద గొలుసుకు కట్టబడి బ్రతుకుతుంది, లేదా ఒక రాత్రి కారులో ఊరి వెలుపలకు చేరుతుంది. వీధిలో పుట్టిన కుక్కకు వీధిలో బ్రతకడం తెలుసు. ఇంటిలో పెరిగిన కుక్కకు అది తెలియదు. రోడ్డు పక్కన విడిచిన జాతికుక్క వాహనాల కింద పడో, ఇతర కుక్కల చేత కరవబడో, ఆకలితోనో చనిపోతుంది.

ఈ దుర్గతికి చాలావరకు కారణం క్రూరత్వం కాదు, తొందరపాటు. ఏ జాతి కుక్క మంచిదని అందరూ అడుగుతారు. ఏ కుక్కకు తమ ఇల్లు మంచిది కాగలదని అడిగినవారు ఆ కుక్క చనిపోయేవరకు దానిని చూసుకోగలుగుతారు.

ముందు ఇంటి లెక్క

మొదటి లెక్క కాలానిది. ఎదిగిన కుక్కను రోజుకు కనీసం రెండుసార్లు బయటకు నడిపించాలి. చురుకైన జాతులకు గంటకు పైగా వ్యాయామం కావాలి. కుక్కపిల్లకయితే రోజుకు మూడు నాలుగుసార్లు ఆహారం, రెండు మూడు గంటలకొకసారి మలమూత్రాలకు బయటకు తీసుకొనిపోవడం, రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం తప్పవు. భార్యాభర్తలిద్దరూ ఉదయం ఎనిమిదింటికి తలుపు తాళంవేసి రాత్రి ఎనిమిదింటికి తెరిచే ఇంటిలో కుక్కపిల్ల పెరగదు. అరచి, గడపలు కొరికి, చుట్టుపక్కలవారికి శత్రువవుతుంది.

రెండవ లెక్క మనుషులది. ఇంటిలో అందరూ సమ్మతించాలి. పిల్లవాడు మారాం చేసి తెప్పించిన కుక్క భారం నెల తిరిగేసరికి తల్లి మీద పడుతుందన్నది అనుభవజ్ఞులైన పశువైద్యులందరూ ఎరిగిన సంగతి. ఆమె కాదన్నచోట కుక్కను తేరాదు. తెల్లవారుజామున ఎవరు నడిపిస్తారు, మలం ఎవరు ఎత్తుతారు, వానాకాలంలో ఎవరు తుడుస్తారు అన్నది కుక్క రాకముందే పేర్లతో సహా నిర్ణయించుకోవాలి. ఉబ్బసం, చర్మవ్యాధులు ఉన్నవారు ముందుగా కుక్కలున్న ఇంటిలో కొన్ని గంటలు గడిపి చూడటం మంచిది.

మూడవ లెక్క ధనానిది. కుక్కపిల్ల ధర అన్ని ఖర్చులలోకి చిన్నది. ఏటేటా టీకాలు, నులిపురుగుల మందులు, పిడుదుల మందులు, మంచి ఆహారం, జబ్బుచేస్తే వైద్యం, ఊరికి వెళ్ళినప్పుడు సంరక్షణ శాలలో ఉంచడానికి రుసుము, ఇవన్నీ ఏడాది మొత్తానికి కాగితం మీద వేసి చూసుకోవాలి. పెద్ద కుక్కకు తిండే కాదు, మందు మోతాదు కూడా శరీర బరువును బట్టి పెరుగుతుంది.

నాలుగవది ఆచారం. శుద్ధ శాకాహార కుటుంబాలు ఈ సంగతి ముందుగానే తేల్చుకోవాలి. కుక్కకు పెరుగన్నం పెట్టడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. తోడేలుకన్నా కుక్కలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. కనుక అన్నం దానికి సరిపడుతుంది. కాని అన్నం ఒక్కటే చాలదు. మాంసకృత్తులు ధారాళంగా కావాలి. గుడ్డు, మాంసం వంటింటిలోకి రానివ్వని ఇంటివారు పశువైద్యుని సలహాతో తయారైన సమతులాహారాన్ని ఏర్పాటు చేసుకోవాలి.

జాతి అంటే పాత ఉద్యోగం

ప్రతి కుక్కజాతీ ఒక పనికోసం మనుషులు తరాల తరబడి ఏరి పెంచినది. పని పోయినా స్వభావం పోదు. అది తెలిస్తే ఎన్నిక సగం సులభమవుతుంది.

లాబ్రడార్ పూర్వులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వద్ద పనిచేసిన కుక్కలు. నీళ్ళు, ఆట, మనుషులు దానికి ప్రాణం. పిల్లలున్న ఇంటికి తగినదే. కాని దానికి తిండి యావ ఎక్కువ. సుమారు నాలుగు లాబ్రడార్‌లలో ఒకదానికి ఆకలిని అదుపుచేసే జన్యువులో లోపం ఉన్నదని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనుగొన్నారు. నడక లేని లాబ్రడార్ రెండేళ్ళలో బస్తావలె లావెక్కి, కీళ్ళనొప్పులతో మూలపడుతుంది.

జర్మన్ షెపర్డ్‌ను 1899 నుండి మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే సైనికాధికారి గొర్రెలమందల కాపలా కుక్కల నుండి తీర్చిదిద్దాడు. దానికి బుద్ధి ఎక్కువ; పని లేకపోతే ఆ బుద్ధే ఉపద్రవమవుతుంది. డాల్మేషియన్ గుర్రపుబండ్ల వెంట మైళ్ళకొద్దీ పరుగెత్తడానికి పెంచినది. ఫ్లాటులో బంధిస్తే నిలువలేదు. బీగిల్ వాసన పట్టి కుందేలును తరిమే కుక్క. చూడటానికి చిన్నదే అయినా దాని గొంతు నాలుగిళ్ళు వింటాయి. డాక్స్‌హుండ్ బొరియలలో దూరడానికి పెంచినది. పొడుగైన వెన్నెముక కారణంగా మెట్లు, దూకుళ్ళు దానికి కీడు.

హస్కీ సైబీరియాలో మంచుమీద బండ్లు లాగిన కుక్క. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా వ్యాపించినప్పుడు మందును మంచుతుపానులలో చేరవేసినవి ఇటువంటి కుక్కల జట్లే. అటువంటి రెండుపొరల బొచ్చుగల జీవిని వేసవిలో 45 డిగ్రీలు దాటే విజయవాడకో, రెంటచింతలకో, రామగుండానికో తెచ్చి, కరెంటు పోయిన మధ్యాహ్నం దాని గతి ఏమవుతుందో ఆలోచించాలి.

కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నోరు తెరచి వగర్చడం ద్వారానే అది ప్రధానంగా ఒంటి వేడిని తగ్గించుకొంటుంది. ముక్కు చదునుగా ఉండే పగ్, బుల్‌డాగ్ వంటి జాతులకు శ్వాసమార్గం ఇరుకైనందున ఈ పని సరిగా సాగదు. వాటి గురకను చూసి నవ్వుకొనేవారు అది ఊపిరికోసం పడే ప్రయాసమని గ్రహించరు. ఎండకాలం మధ్యాహ్నపు నడక వాటికి ప్రాణాంతకం కావచ్చు.

ఇక కాపలా పేరుతో రాట్‌వైలర్, పిట్‌బుల్ వంటి బలమైన దవడల కుక్కలను తొలిసారి పెంచేవారు తెచ్చుకోవడం వివేకం కాదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇరవైమూడు జాతుల పెంపకాన్ని నిషేధించవలసిందని రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చట్టం ఎటున్నా, యజమాని చేతిలో అణగని కుక్క ఇంటికి రక్షణ కాజాలదు. సామాన్య గృహానికి కావలసినది అపరిచితుడు వస్తే మొరిగే కుక్క. ఆ పని ఏ ఊరకుక్క అయినా చేయగలదు.

మన నేల కుక్కలు

విదేశీ జాతుల మోజులో మన దేశవాళీ కుక్కలను చాలాకాలం మరచిపోయాము. 2005 జనవరిలో తపాలాశాఖ రాజపాళయం, ముధోళ్, రాంపూర్, హిమాలయ గొర్రెలకాపరి కుక్కల బొమ్మలతో నాలుగు స్టాంపులు విడుదల చేసింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దేశీయ జాతులను పెంచవలసిందని కోరిన తరువాత వీటిపై ఆసక్తి పెరిగింది.

ముధోళ్ కుక్క కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లాకు చెందినది. ముధోళ్ సంస్థానాధీశులు వాటిని సంరక్షించి, ఐదవ జార్జి చక్రవర్తికి సైతం కానుకగా ఇచ్చారు. ఇటీవలి కాలంలో భారతసైన్యం మీరట్‌లో వీటికి శిక్షణ ఇచ్చింది. తమిళనాడులోని రాజపాళయం తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణం. ఆ ఊరి పేరే అక్కడి తెల్లని కుక్కకు వచ్చింది. ఆంధ్రలో కొల్లేరు పరిసరాలలో జోనంగి అనే పొట్టి వెంట్రుకల కుక్క ఉన్నది. అది మొరగడం కన్నా రాగం తీసినట్టు అరవడం ఎక్కువ; గోతులు త్రవ్వి అందులో పడుకోవడం దాని అలవాటు. బాతులమందలు కాచేవారికి అది తోడుగా ఉండేది. ఇప్పుడు అరుదైపోయింది.

ఈ కుక్కలు మన ఎండకు, మన తిండికి అలవాటు పడినవి. అయినంతమాత్రాన అవి ప్రతి ఇంటికీ తగినవని అనుకోరాదు. ముధోళ్ చూపుతో వేటాడే కుక్క; కనుచూపుమేరలో కుందేలో, పిల్లో పరుగెత్తితే పిలుపు వినదు. దానికి రోజూ విశాలమైన, చుట్టూ కంచె ఉన్న స్థలంలో పరుగు కావాలి. రాజపాళయం ఒకరిద్దరినే యజమానులుగా అంగీకరిస్తుంది. అతిథులు వచ్చిపోయే ఇంటికి సరిపడదు. పైగా దగ్గరి రక్తసంబంధంలో జతకట్టించినందువలన కొన్ని పిల్లలు చెవిటివిగా పుడతాయి. కొనేముందు పిల్ల వెనుక చప్పట్లు చరచి చూడటం మంచిది.

జాతిపేరు లేని ఊరకుక్క ఈ దేశంలో అన్నిటికన్నా పాత నివాసి. దానిని ఎవరూ ఏరి పెంచలేదు. ఎండ, వాన, ఆకలి ఏరాయి. అందువలన వంశపారంపర్య రోగాలు తక్కువ, బొచ్చు పొట్టి, తెలివి ఎక్కువ. మధ్యతరగతి కుటుంబానికి, మొదటిసారి కుక్కను పెంచేవారికి దీనికన్నా సులభమైన కుక్క అరుదు.

తల్లిని చూడనిదే పిల్లను తేరాదు

ఏ కుక్క అన్నది తేలిన తరువాత ఎక్కడ నుండి అన్న ప్రశ్న వస్తుంది. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. కొనేవాడు చెల్లించే ప్రతి రూపాయీ ఆ కుక్కపిల్లతోపాటు, కంటికి కనబడని దాని తల్లి జీవితాన్ని కూడా నిర్ణయిస్తుంది. ఇరుకు బోనులో, ప్రతి ఎదకూ జతకట్టించబడి, ఈనడమే పనిగా బ్రతికి, శక్తి ఉడిగిన తరువాత వీధిలోకి తోలబడే ఆడకుక్కలు మన నగరాల శివార్లలో ఉన్నాయి. ఆ వ్యాపారం నడిచేది ఏమీ అడగకుండా కొనేవారి వలననే.

దీనిని అరికట్టడానికి 2017లో కేంద్రప్రభుత్వం కుక్కల పెంపకం, విక్రయాలపై నిబంధనలు చేసింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జతకట్టించరాదు. ఏడాదికి ఒక ఈత, జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. మైక్రోచిప్, టీకాల వివరాలు, అమ్మకపు చిట్టాలు ఉండాలి. కొనేవారు నమోదు పత్రాన్ని చూపమని అడగాలి. ఆ మాటకు ముఖం చిట్లించేవాని వద్ద నుండి మారుమాట లేకుండా వెనుదిరగాలి.

ఎనిమిది వారాల గడువుకు కారణం లేకపోలేదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. పుట్టిన మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకొనే కాలమని వారు తేల్చారు. ఆ కాలపు తొలిభాగంలో తల్లీ తోబుట్టువులూ దానికి గురువులు. ఆటలో ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిది ఏడుస్తుందో వాటివద్దనే తెలుసుకొంటుంది. నెలరోజుల పసికూనను తెచ్చుకొంటే త్వరగా మచ్చికవుతుందన్న నమ్మకం తప్పు. అది పెద్దదై భయస్థురాలో, కరిచేదో అయ్యే అవకాశమే ఎక్కువ.

కనుక పిల్లను పుట్టిన ఇంటిలోనే, తల్లి పక్కనే చూడాలి. తల్లి మనుషులను చూసి వణుకుతున్నదా, తోక ఊపుతున్నదా? పిల్లల్లో చాలావరకు తల్లి స్వభావమే కనబడుతుంది. పిల్ల కళ్ళు నిర్మలంగా, ముక్కునుండి చీమిడి లేకుండా, మలద్వారం పరిశుభ్రంగా, పొట్ట ఉబ్బరం లేకుండా ఉండాలి. ఉబ్బిన పొట్ట నులిపురుగులకు గుర్తు. అన్నిటికన్నా ముందుగా మీదికి దూకే పిల్ల గడుసుది. మూలన నక్కినది పిరికిది. కొత్తవారికి మధ్యరకం మంచిది. మూలనున్నదానిపై జాలిపడి తెచ్చుకొనేవారు అంతటి ఓర్పు తమకు ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి.

ఫోనులో బొమ్మ చూపి, సగం డబ్బు ముందుగా పంపమని, పిల్లను బస్‌స్టాండులో అందిస్తామని చెప్పేవారిని నమ్మరాదు. డబ్బు తీసుకొని మాయమయ్యేవారు కొందరు; పార్వో వంటి ప్రాణాంతక రోగంతో ఉన్న పిల్లను అంటగట్టి, మూడవనాడు ఫోను ఎత్తనివారు మరికొందరు. చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా పత్రం వంశావళిని మాత్రమే తెలుపుతుంది. అది ఆరోగ్యానికి హామీ కాదు.

డబ్బు పెట్టి కొననక్కరలేని మార్గమూ ఉన్నది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూక్రాస్, విశాఖపట్నంలోని జంతుసంరక్షణ సంస్థ వంటివి, మరెన్నో చిన్న ఆశ్రయాలు కుక్కలను దత్తత ఇస్తున్నాయి. అక్కడ ఇంటివారినే ప్రశ్నలు అడుగుతారు. అది అవమానం కాదు. కన్యాదానం చేసేవారు సంబంధం విచారించినట్టే. ఎదిగిన కుక్కను దత్తు తీసుకోవడంలో ఒక లాభం ఉన్నది: దాని ఎత్తు, బరువు, స్వభావం కళ్ళముందే ఉంటాయి. పిల్ల రేపు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఉద్యోగం విరమించిన దంపతులకు, వృద్ధులకు నాలుగైదేళ్ళ శాంతమైన కుక్క ఎంతో అనుకూలం. వీధికుక్క పిల్లను తెచ్చుకొనేవారు మాత్రం పాలు మరచేవరకు ఆగి, ముందుగా పశువైద్యునికి చూపి, ఇంటికి తేవాలి.

మొదటి మూడు నెలలు

కుక్క ఇంటికి వచ్చిన రెండు మూడు రోజులలోపున పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య డిస్టెంపర్, పార్వో మొదలైన వ్యాధులకు టీకాలు ప్రారంభమవుతాయి. మూడునెలల వయస్సులో రేబిస్ టీకా, ఆపై వైద్యుడు చెప్పిన ప్రకారం ప్రతి ఏటా బూస్టర్ తప్పనిసరి. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్‌కు మందు లేదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి తొంభైతొమ్మిది వంతుల వరకు కుక్కల వలననే వస్తున్నదని, అనుమానిత జంతువుల కాటుకు గురవుతున్నవారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. కుక్కపిల్ల గోరు గీరినా, పన్ను తగిలినా గాయాన్ని సబ్బుతో ధారగా కారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సున్నం, కారం, పసుపు వంటివి పూయరాదు.

మొరిగే కుక్క కరవదన్న సామెతను పిల్లలకు నేర్పరాదు. భయపడిన ఏ కుక్క అయినా కరుస్తుంది. తింటున్నప్పుడు, నిద్రిస్తున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు దానిని ముట్టుకోరాదని ఇంటిలోని పిల్లలకు చెప్పాలి. ఎంత నమ్మకమైన కుక్క అయినా, పసిబిడ్డతో ఒంటరిగా విడిచిపెట్టరాదు.

చాకొలెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషతుల్యం. ఉడికించిన కోడి ఎముకలు పేలికలై పేగులను చీలుస్తాయి. మనుషుల జ్వరం మాత్రలు సొంతంగా వేయరాదు. వేసవిలో అరచేతి వెనుకభాగాన్ని రోడ్డుమీద కొద్దిసేపు ఆనించి చూడాలి. చేయి ఓర్వలేని తారు మీద కుక్క పాదమూ ఓర్వలేదు. దీపావళి రాత్రి లోపలి గదిలో, మనుషుల పక్కన ఉంచాలి. టపాసుల చప్పుడుకు బెదరి గోడదూకి తప్పిపోయే కుక్కలు ప్రతి ఏటా ఎన్నో. మెడపట్టీమీద ఫోను నంబరు ఉంటే తప్పిపోయినది ఇల్లు చేరుతుంది.

పిల్లలు వద్దనుకొనేవారు వైద్యుడు చెప్పిన వయస్సులో సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలి. ఒక్కసారైనా ఈనితే ఆరోగ్యమన్న మాటకు ఆధారం లేదు. పుట్టే ఆరేడు పిల్లలకు ఆరేడు ఇళ్ళు ముందుగా చూపలేనివారు వాటిని పుట్టించరాదు.

చట్టం, ఇరుగుపొరుగు

నగరపాలక సంస్థలు పెంపుడుకుక్కకు నమోదు, రేబిస్ టీకా పత్రం కోరుతాయి. ఆ పనిని మొదటి నెలలోనే ముగించుకోవాలి. అపార్ట్‌మెంటు సంఘాలు కుక్కల పెంపకాన్ని పూర్తిగా నిషేధించరాదని భారత జంతుసంక్షేమ మండలి 2015లో సూచనలు జారీచేసింది. హక్కు ఉన్నంత మాత్రాన మర్యాద అక్కరలేదని కాదు. లిఫ్టులో పట్టీ పొట్టిగా పట్టుకోవడం, మలాన్ని కాగితంతో ఎత్తివేయడం, అర్ధరాత్రి మొరుగుళ్ళను అదుపుచేయడం పొరుగువారి మనస్సును ఏ చట్టంకన్నా ఎక్కువగా గెలుస్తాయి. తన అధీనంలోని జంతువు వలన ఇతరులకు హాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయసంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరునెలల వరకు కారాగారం, లేదా ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

చాలామందికి తెలియని మరొక చట్టం ఉన్నది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ గొలుసుతో కట్టివేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం నేరం. ఆకలిదప్పులపాలయ్యేటట్టు జంతువును విడిచిపెట్టడమూ నేరమే. మొదటిసారికి ఆ చట్టం నిర్ణయించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు. ఒక కప్పు కాఫీ ధరకు లభించే ఆ శిక్షకు భయపడి ఎవరూ కుక్కను చక్కగా చూడరు. కనుక ఇక్కడ కాపలా కాయవలసినది యజమాని మనస్సాక్షి.

తెచ్చుకోకపోవడమూ ఒక నిర్ణయమే

ఈ లెక్కలన్నీ వేసుకొన్న తరువాత కొన్ని ఇళ్ళకు వచ్చే సమాధానం ‘ఇప్పుడు వద్దు’ అని. బదిలీల ఉద్యోగం, చంటిబిడ్డ, మంచానపడిన పెద్దవారు, విదేశప్రయాణం ముందున్న సంవత్సరం, ఇవన్నీ న్యాయమైన కారణాలే. కుక్కమీద ప్రేమ ఉన్నందువలననే దానిని తెచ్చుకోకుండా ఉండవలసిన సందర్భాలు ఉంటాయి. అటువంటివారు ఆదివారాలు ఆశ్రయాలలో కుక్కలను నడిపించవచ్చు. ఊరికి వెళ్ళే స్నేహితుల కుక్కను పదిరోజులు చూసుకోవచ్చు. తమ వీధిలో కుక్కకు టీకా, శస్త్రచికిత్స చేయించవచ్చు. ఆ పదిరోజులే కుక్కతో జీవితం ఎటువంటిదో నేర్పుతాయి.

తెచ్చుకోవాలని నిశ్చయించినవారు మాత్రం ఒక చిన్న పని చేయాలి. ఇంటిలో అందరూ కూర్చుని, నేటినుండి పన్నెండేళ్ళ తరువాత తమలో ఎవరి వయస్సు ఎంత, ఎవరు ఎక్కడ ఉంటారు అన్నది వ్రాసుకోవాలి. ఆ కాగితంలో తెల్లబడిన మూతితో, మసకబారిన చూపుతో, మెట్లెక్కలేక తలుపువద్ద ఎదురుచూసే ముసలికుక్కకు కూడా ఒక గది, ఒక మనిషి కనబడితే, అప్పుడు బయలుదేరి పిల్లను తెచ్చుకోవచ్చు.